ఏరియేటర్లు ఆగినా మెలకువ రాలేదు

రొయ్యల గుంటల దగ్గర పడుకునేవాళ్లకు ఒక చిత్రమైన అలవాటు అబ్బుతుంది. చప్పుడు ఆగితే మెలకువ వస్తుంది. రాత్రంతా నీళ్లకు గాలి అందించే ఏరియేటర్ల చక్రాలు నీళ్లను కొడుతూనే ఉంటాయి, ఆ హోరులోనే నిద్ర పడుతుంది. కరెంటు పోయి చక్రాలు ఆగాయంటే ఎవరో భుజం పట్టి కుదిపినట్టు లేచి కూర్చుంటాం. చెప్పులు వేసుకోను కూడా ఆగకుండా జనరేటర్ వైపు పరుగెత్తుతాం. పద్నాలుగేళ్లుగా నాకు ఇట్లానే జరుగుతోంది. గత సెప్టెంబరులో ఒక్క రాత్రి జరగలేదు.

మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలం. మైపాడు సముద్రపు గాలి మా గుంటల మీదుగానే ఊళ్లోకి పోతుంది. సొంతం రెండెకరాలు, కౌలుకు తీసుకున్నది నాలుగెకరాలు, అంతా వెనామీ రొయ్యే. ఆ రోజు కాపలా కుర్రాడు వాళ్ల పెదనాన్న కూతురి పెళ్లని కావలి పోయాడు. షెడ్డులో నేనొక్కణ్నే. పదకొండుకు, రొయ్య మేత తిన్నదీ లేనిదీ తెలిపే చెక్ ట్రేలు లేపి చూసుకుని, మంచం మీద వాలి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఫోన్ తీశాను. అమెరికా సుంకాల మీద ఎవరో మాట్లాడుతున్న వీడియో. దాని తర్వాత ఇంకొకటి. కాసేపటికి సుంకాలు పోయి బిర్యానీ వచ్చింది, బిర్యానీ పోయి బావిలో పడ్డ దూడను పైకి లాగేవాళ్లు వచ్చారు. రెండు ముప్పావుకు ఒకసారి టైం చూసుకున్నట్టు గుర్తు. ఆ తర్వాత ఎప్పుడు పడిపోయానో తెలియదు. చెవుల్లో వీడియోలు మాత్రం నడుస్తూనే ఉన్నాయి.

మూడూ నలభైకి కరెంటు పోయింది. ఈ టైం నాకు పక్క గుంటల రైతు తర్వాత చెప్పాడు. తెల్లవారే ముందు గుంటలో ఆక్సిజన్ అడుగంటి ఉంటుంది. పగలు ఎండలో నీళ్లకు ఆక్సిజన్ ఇచ్చే పచ్చటి నాచే రాత్రి ఎండ లేనప్పుడు తిరిగి దాన్ని పీలుస్తుంది, రొయ్యలూ పీలుస్తాయి, అడుగున కుళ్లే మేతా లాగేస్తుంది. నిండుగా పిల్ల వేసిన గుంటలో ఆ టైంలో చక్రాలు ఆగితే గంట చాలు. నాలుగూ ముప్పావుకు ఆయన నా మొహం మీద టార్చిలైటు కొట్టి అరిస్తే లేచాను. "ఏందయ్యా, అట్టా పడుకోనుండావు? రొయ్యంతా పైన తేలతా ఉంది!"

జనరేటర్ వేశాం, ఆక్సిజన్ బిళ్లలు చల్లాం, ఎనిమిదికల్లా మనుషుల్ని పిలిచి ఎకరంన్నర గుంట పట్టుబడి చేశాం. అరవై అయిదు రోజుల పంట. బతికిందీ చచ్చిందీ కలిపి అమ్మితే, ఇంకో నెల పెంచితే వచ్చేది వదిలేసినా, డెబ్బై వేల దాకా పోయింది.

ఇంటికొచ్చి కరెంటోళ్లను తిడుతూ కూర్చున్నాను. మా ఆవిడ టీ గ్లాసు పెట్టి నా మెడ వైపు చూసింది. "కరెంటు పోయిందంటావు, సరే. మరి మెడలో అవేంది?" అంది. పొద్దుట్నుంచీ పట్టుబడి, కాటా, ఐసు లారీ అన్నీ చూసుకున్నది ఇయర్‌ఫోన్లు మెడలో వేలాడేసుకునే. ఊళ్లో చూసినవాళ్లంతా చూసే ఉంటారు.

నా నిద్ర చెడి అప్పటికే రెండేళ్లు దాటింది. ఎవరడిగినా గుంటల మీద తోసేవాణ్ని. రొయ్యల రైతుకు నిద్రేంది అంటే ఎదుటివాళ్లు కూడా నిజమే పాపం అని తలూపుతారు. మా ఆవిడ కూడా అదే నమ్మింది. జులైలో నెల్లూరు బారాషహీద్ దర్గా రొట్టెల పండగకు పోయి, స్వర్ణాల చెరువులో దిగి, నా కోసం ఆరోగ్య రొట్టె పట్టుకొచ్చింది. నిద్ర రొట్టె ఉందేమోనని ముందు అడిగిందట, అందరూ నవ్వారట. పొద్దున తొమ్మిదికి మేత బస్తా మీదే కునుకు తీసేవాణ్ని. ఫీడు షాపులో లెక్క రెండుసార్లు చూస్తే రెండు రకాలుగా వచ్చేది. చిన్న మాటకు పెద్దగా అరిచేవాణ్ని. అన్నిటికీ గుంటలే కారణం.

వెనక్కి తిరిగి చూసుకుంటే మొదలైంది 2016లోనే. ఆ సెప్టెంబరులో జియో వచ్చింది, గుంట గట్టు మీద కూడా ఇంటర్నెట్ అందింది. మొదట్లో వాట్సాప్ గ్రూపుల్లో కౌంట్ రేట్లు చూసుకోవడమే పని. కౌంట్ అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క. 100 కౌంట్ ఎంత, 60 కౌంట్ ఎంత, ఏ కంపెనీ ఎంతకు కొంటోంది. అది అవసరమే. 2020 జూన్ చివర్లో ప్రభుత్వం టిక్‌టాక్ ఆపేసింది, జులైలో రీల్స్ వచ్చాయి, సెప్టెంబరుకు షార్ట్స్ వచ్చాయి. బొటనవేలికి ఒక నెల కూడా సెలవు దొరకలేదు.

2025 ఆగస్టు దాకా ఏదో నెట్టుకొచ్చాను. అప్పుడు అమెరికా మన సరుకు మీద సుంకం వేసింది. ముందు 25 శాతం, ఆగస్టు 27 నుంచి మొత్తం 50 శాతం. మన రొయ్యలు ఎక్కువగా పోయేది అమెరికాకే. అక్కడ పగలంటే మనకు రాత్రి కదా. వాళ్ల అధ్యక్షుడు ఏమన్నా, అక్కడి మంత్రులు ఏమన్నా మనకు అర్ధరాత్రి తెలుస్తుంది. పది నిమిషాలకోసారి గ్రూపుల్లో ఎవరో ఒకరు "రేపు ఇంకో ముప్పై తగ్గుద్దంట" అని పెట్టేవాళ్లు. దాని కింద ఏడుపు బొమ్మలు. గుండె దడదడలాడేది. మళ్లీ చూడాలి, ఇంకోసారి చూడాలి. రాత్రి రెండింటికి ఆ వార్త తెలుసుకుని నేను చేసేది ఏమీ లేదు, కంపెనీవాళ్లు రేటు చెప్పేది పొద్దున్నే. ఇంత చిన్న సంగతి అప్పుడు నా బుర్రకు తట్టలేదంటే నమ్మండి.

అంతా టెన్షనే అని కూడా చెప్పలేను. ఇంకో కారణం ఉంది, అది చెప్పుకోవడానికే కాస్త సిగ్గు. పొద్దున్నుంచీ నేను ఎవరికో ఒకరికి బాకీ ఉన్నట్టే ఉంటుంది. ఫీడు షాపుకు, కౌలు భూమి ఆసామికి, బ్యాంకుకు, పిల్లల ఫీజులకు. రాత్రి పదకొండు దాటాక నన్ను అడిగేవాళ్లు లేరు. ఆ మూడు గంటలే నావి. పడుకుంటే అవి కూడా పోతాయి, కళ్లు మూసి తెరిస్తే మళ్లీ ఫీడు షాపే. అందుకే నిద్ర ముంచుకొస్తున్నా పట్టుకుని కూర్చునేవాణ్ని. ఏ అడ్డూ లేకపోయినా పడుకునే వేళను ఇట్లా వాయిదా వేసుకునే అలవాటుకు నెదర్లాండ్స్ పరిశోధకులు 2014లో ఒక పేరు కూడా పెట్టారని తర్వాత చదివాను. మనకంటే ముందు వాళ్లకూ ఉందన్నమాట అని కొంచెం తేలికపడ్డాను.

సొంత వైద్యాలు చాలా చేశాను. స్క్రీన్‌ను పసుపు రంగుకు మార్చే సెట్టింగు పెట్టుకున్నాను. కళ్లజోళ్ల షాపులో నీలి వెలుగును ఆపే అద్దాలని పద్దెనిమిది వందలు పెట్టి కొన్నాను. ఆ జోడు పెట్టుకుని నిశ్చింతగా రెండింటి దాకా చూసేవాణ్ని. యాప్‌లు మూడుసార్లు తీసేశాను, మూడుసార్లూ వారంలోపు మళ్లీ వేసుకున్నాను. ఒక క్లినిక్‌కు పోతే రెండు నిమిషాలు విని నిద్రమాత్రలు రాశారు. ఫోన్ సంగతి వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు. పన్నెండు రోజులు వేసుకున్నాను. నిద్ర పట్టేది, కానీ పొద్దున పది దాకా తల బరువు. గట్టు మీద నడుస్తుంటే కాలు తేలిపోయేది. మాత్ర మత్తులో ఉండగా కరెంటు పోతే ఎట్లా అని భయమేసి మానేశాను.

సెప్టెంబరు దెబ్బ తర్వాత బుద్ధి రాలేదా అంటే సగమే వచ్చింది. ఇయర్‌ఫోన్లు చెత్తబుట్టలో వేశాను. ఫోన్ వదల్లేదు. పైగా ఇప్పుడు కొత్త భయం, నిద్రపోతే రొయ్య తేలుతుందని. ఫోన్ పక్కన పెట్టినా కళ్లు మూతపడవు. అప్పుడు మా ఆవిడే పట్టుబట్టి నెల్లూరు పొగతోటలో మానసిక వైద్యురాలి దగ్గర పేరు రాయించింది. బామ్మర్ది ఫోన్ చేసి "బావా, పిచ్చి డాక్టరు దగ్గరికి పోతున్నావంట, అంతదాకా వచ్చిందా?" అన్నాడు. ఆ మాటకే వారం ఆలస్యం చేశాను.

డాక్టరమ్మ ముందు వేరే సంగతులన్నీ అడిగారు. గురక ఉందా, నిద్రలో ఊపిరి ఆగినట్టు అవుతుందని ఇంట్లో ఎవరైనా అన్నారా, మందు ఎంత, టీ ఎన్ని, థైరాయిడ్ చూపించారా. రాత్రి పదకొండుకు ఫ్లాస్కులోంచి టీ తాగుతానని చెప్పాను. టీ, కాఫీల్లోని కెఫీన్ ఒంట్లో సగానికి తగ్గడానికే అయిదు గంటల దాకా పడుతుందట. పదకొండు టీ నాలుగింటికి కూడా ఇంకా సగం పని చేస్తూనే ఉంటుంది. "మధ్యాహ్నం రెండు తర్వాత వద్దు" అన్నారు. మందేమీ రాయలేదు. ఒక రూళ్ల నోటుబుక్ కొనుక్కుని రెండు వారాలు రాసుకురమ్మన్నారు. ఎన్నింటికి మంచమెక్కారు, సుమారుగా ఎన్నింటికి నిద్ర పట్టింది, ఎందుకు లేచారు, ఎంతసేపు మేలుకున్నారు, పగలు కునుకు ఎంత. ఫోన్ వాడకం ఊహించి రాయొద్దు, ఫోన్‌లోనే డిజిటల్ వెల్‌బీయింగ్ అని ఉంటుంది, దాంట్లో చూసి రాయమన్నారు. అదొకటి నా ఫోన్‌లో ఉందని అంతవరకూ నాకు తెలియదు.

రెండు వారాల తర్వాత పోయినప్పుడు ఆవిడ క్యాలిక్యులేటర్ తీసి నా ముందే లెక్క వేశారు. పద్నాలుగు రాత్రుల్లో తొమ్మిది షెడ్డులో, అయిదు ఇంట్లో. సగటు నిద్ర నాలుగు గంటల నలభై నిమిషాలు. గుంటలు నన్ను లేపింది పందొమ్మిది సార్లు, సారికి ఇరవై నిమిషాలు. మొత్తం ఆరు గంటల ఇరవై నిమిషాలు. రాత్రి పది తర్వాత ఫోన్ చూసింది రోజుకు మూడు గంటల పైన, మొత్తం నలభై మూడు గంటలు. కాగితాన్ని నా వైపు తిప్పి పెట్టారు. ఆవిడ ఏమీ అనలేదు. నేనే "గుంటల మీద అబద్ధం చెప్పాను మేడం" అన్నాను.

ఈ లెక్క నేను ఇంటికొచ్చాక ఇంకో రెండుసార్లు వేసుకున్నాను. ఫీడు షాపు బిల్లు తేడా వచ్చినప్పుడు వేసుకుంటామే, అట్లా. తేడా రాలేదు.

పసుపు స్క్రీను, అద్దాల సంగతి అడిగాను. వెలుతురు పాత్ర ఉంది అన్నారు. చీకటి పడ్డాక మెదడులోని పీనియల్ గ్రంథి మెలటోనిన్ విడుదల చేస్తుంది, ఇది రాత్రి అని ఒంటికి చెప్పే కబురు అది. నీలి వెలుగు ఎక్కువగా ఉన్న స్క్రీను దగ్గరగా పెట్టుకుంటే ఆ కబురు ఆలస్యమవుతుంది. అమెరికాలో బోస్టన్ పరిశోధకులు 2015లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారట. పన్నెండుమందిని పడుకునే ముందు నాలుగేసి గంటలు, కొన్ని రోజులు వెలిగే ట్యాబ్లెట్ మీద, కొన్ని రోజులు కాగితం పుస్తకం చదివించారు. మెలటోనిన్ బాగానే తగ్గింది, కానీ నిద్ర పట్టడంలో వచ్చిన ఆలస్యం పది నిమిషాలు. "ఆ పది నిమిషాలకు మీరు పద్దెనిమిది వందల జోడు కొన్నారు. మిగతా మూడు గంటలు ఏమయ్యాయి?" అని నవ్వారు. వాళ్లు చదివింది పుస్తకం, నేను చూసేది సుంకాలు, గొడవలు, దూడలు. మనసును లేపి కూర్చోబెట్టేది స్క్రీను రంగు ఒక్కటే కాదు, దాంట్లో ఉన్న సరుకు. పైగా అది అయిపోదు. కిందికి తోసేకొద్దీ వస్తూనే ఉండే ఈ ఏర్పాటును 2006లో ఏజా రాస్కిన్ అనే అమెరికన్ తయారుచేశాడట, తర్వాత అతనే దానికి బాధపడ్డాడట.

ఈ మాట దగ్గర నాకు చెక్ ట్రే గుర్తొచ్చింది. రొయ్యల గురించి తెలియనివాళ్లకు చెబుతాను. గుంటలోకి నాలుగు మూలలా వలతో చేసిన పళ్లేలు దించుతాం. మేత వేసినప్పుడు వాటిలో కూడా కొంచెం పెట్టి, రెండు గంటలకు పైకి లేపి చూస్తాం. పళ్లెం ఖాళీ అయితే రొయ్య ఆకలి మీద ఉందని తరువాతి పూట మేత పెంచుతాం. మిగిలితే తగ్గిస్తాం. రొయ్యకు మనం చూస్తున్నామని తెలియదు, తింటూ పోతుంది. ఫోన్ నాకు చేస్తున్నదీ అదే పని. దూడ వీడియో మీద పది సెకన్లు ఎక్కువ ఆగాను, వెంటనే ఇంకో రెండు దూడలు వేసింది. సుంకాల దగ్గర పళ్లెం ఖాళీ చేశాను, రాత్రంతా అదే మేత. పద్నాలుగేళ్లుగా ట్రేలు లేపుతున్నవాణ్ని, నేను ట్రేలో ఉన్నానని గుర్తుపట్టలేకపోయాను. డాక్టరమ్మకు ఇది చెబితే చెక్ ట్రే బొమ్మ గీయించుకున్నారు, వేరేవాళ్లకు చెబుతానని.

ఆవిడ చెప్పిన పద్ధతి వినడానికి తిక్కగా ఉంటుంది. నిద్ర లేదని పోయినవాణ్ని ఇంకా తక్కువసేపు పడుకోమన్నారు. నిద్రపోయేది నాలుగూ నలభై అయితే మంచం మీద ఉండేది అయిదున్నర గంటలే ఉండాలి. రాత్రి పన్నెండుకు ఎక్కాలి, పొద్దున అయిదున్నరకు దిగాలి, నిద్ర పట్టినా పట్టకపోయినా. వారం వారం డైరీ చూసి, పడుకున్న టైంలో ఎక్కువ భాగం నిద్రే అయితే పావుగంట చొప్పున పెంచుతారు. రెండో సూత్రం, మంచం నిద్రకే. ఇరవై నిమిషాల్లో పట్టకపోతే లేచి వేరేచోట కూర్చోవాలి, నిద్ర వస్తేనే తిరిగి రావాలి. గడియారం కూడా చూడొద్దు, సుమారుగా అనుకోవాలి. ఈ రెండో సూత్రం రిచర్డ్ బూట్జిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1972 నుంచీ చెబుతూ వచ్చిన పద్ధతట, అంటే సెల్‌ఫోన్లు పుట్టకముందుది. మొదటి రెండు వారాలు పగలు బాగా తూగుతారు, మోటారు సైకిల్ మీద నెల్లూరు రావొద్దు, బస్సులో రండి అన్నారు. మూర్ఛ ఉన్నవాళ్లు, డ్రైవర్లు వైద్యుల్ని అడగకుండా ఇది చేయకూడదని కూడా గట్టిగా చెప్పారు. షెడ్డు రాత్రులు కుర్రాడితో వంతులు వేసుకోమన్నారు, ఒకరోజు అతను, ఒకరోజు నేను.

ఫోన్ లేకుండా గుంటలు నడవవు. కుర్రాడు పిలిస్తే ఎత్తాలి కదా. అందుకని పదమూడు వందలు పెట్టి బటన్ల ఫోన్ కొన్నాను, దాని నంబరు నలుగురికే ఇచ్చాను. చిన్నబజారులో ఒక టైంపీసు కొన్నాను. అలారం కోసమే కదా అని టచ్ ఫోన్ దిండు పక్కన పెట్టుకునే సాకు దాంతో పోయింది. రాత్రి తొమ్మిదికి టచ్ ఫోన్ బీరువాలో పడాలి, తాళం మా ఆవిడ దగ్గర.

అసలు కష్టం నేననుకున్న చోట రాలేదు. తొమ్మిది నుంచి పన్నెండు దాకా మేలుకుని ఉండాలి, ఫోన్ లేదు. మూడు గంటలంటే ఎంత పొడుగో నాకు ఇన్నేళ్లలో తెలియలేదు. టీవీ పెడితే పిల్ల చదువు పాడవుతుంది. మా ఆవిడ పదింటికే పడుకుంటుంది. వరండాలో కూర్చుని చిరిగిన చెక్ ట్రేల వలలు కుట్టాను. రెండేళ్ల మేత బిల్లులు తీసి లెక్క రాశాను, అప్పులెంతో మొదటిసారి పూర్తిగా తెలిసింది, అది ఇంకో టెన్షన్. చేయి ఊరికే జేబులోకి పోయేది. బొటనవేలు దానంతటదే కదిలేది, నిజంగా. పదకొండున్నరకు కూర్చునే నిద్రపోయి కింద పడబోయాను.

నాలుగో రోజు ఒంటిగంటకు లేచి మా ఆవిణ్ని లేపాను. "తాళం ఇయ్యి, రేట్లు చూడాలి."

"ఇప్పుడు రేట్లు చూసి ఎవరికి అమ్మబోతావు?"

"అర్జెంటు. ఒక్క నిమిషం."

"మా నాయన ఇట్టానే అడిగేవాడు, సారా కోసరం," అని అటు తిరిగి పడుకుంది. మా మామ తాగి తాగి పోయినవాడు. ఇంక నేను మళ్లీ తాళం అడగలేదు, ఆ రాత్రికి నిద్ర కూడా పట్టలేదు.

రెండో వారం చివర్లో మార్పు వచ్చింది. పన్నెండుకు మంచమెక్కితే పది నిమిషాల్లో పట్టేస్తోంది. మూడో వారం సగటు అయిదు గంటల ఇరవై. మంచం టైం పదకొండు ముప్పావుకు, తర్వాత పదకొండున్నరకు జరిగింది. షెడ్డులో రెండుసార్లు లేచినా తిరిగి పడుకుంటున్నాను. అంతకుముందు లేచిన ప్రతిసారీ ఆక్సిజన్ చూసుకోవడం అయిదు నిమిషాలు, ఆ చేత్తోనే ఫోన్ చూడటం గంట.

అక్టోబరు నెలాఖరులో మొంథా తుపాను వచ్చింది. ఇరవై ఎనిమిది రాత్రి తీరం దాటింది మాకు చాలా ఉత్తరాన, కానీ వాన మమ్మల్నీ వదల్లేదు. గట్లు తెగుతాయేమోనని మూడు రాత్రులు షెడ్డులోనే. బీరువాలోంచి ఫోన్ నేనే తీయించాను, వాతావరణం చూడాలి కదా. అది న్యాయమైన అవసరమే. కాకపోతే తుపాను పోయిన తర్వాత కూడా అయిదు రోజులు ఫోన్ దిండు కిందే ఉంది. నేను వాన చూస్తున్నానని చెప్పుకుంటూ వేరే ఊళ్లలో కొట్టుకుపోయిన కార్లు చూస్తున్నాను. మళ్లీ దారికి రావడానికి పది రోజులు పట్టింది. డాక్టరమ్మ పెద్దగా పట్టించుకోలేదు. డైరీలో ఆ వారం చుట్టూ ఒక గీత గీసి పక్కకు పెట్టారు.

ఒక సంగతి మాత్రం ఇప్పటికీ మింగుడుపడదు. మా కాపలా కుర్రాడికి ఇరవై రెండేళ్లు. రోజూ పదకొండున్నర దాకా ఫోన్‌లో సినిమా చూస్తాడు, అయిపోగానే ఫోన్ గుండెల మీద పెట్టుకుని పడుకుంటాడు, చక్రాలు ఆగితే టక్కున లేస్తాడు, తిరిగి పడుకుంటాడు. అతనికి ఏ డాక్టరూ అక్కర్లేదు. ఇదేమిటని అడిగితే ఆవిడ, అందరి ఒళ్లూ ఒకటి కాదు, వయసు కూడా ఉంది, పైగా అతను చూసే సినిమాకు శుభం కార్డు పడుతుంది కదా అన్నారు. అతనికి అప్పులు కూడా లేవు మేడం అన్నాను.

మా అమ్మాయి పదో తరగతి. నా ఫోన్ బీరువాలో పడటం చూసి తనది కూడా తెచ్చి పెట్టింది. మూడు రోజులు. నాలుగో రోజు నోట్సులన్నీ వాట్సాప్‌లో పంపుతారని తీసుకుపోయింది. అది అబద్ధం కాదు, నిజంగానే పంపుతారు. ఏమీ అనలేకపోయాను. నా గుంటల కథ నాకు గుర్తే.

నా సంగతి విని మా పక్క ఊళ్లో ఇద్దరు డాక్టరు నంబరు అడిగారు. ఒకతను నెల్లూరు దాకా పోవడానికి మొహమాటపడితే, టెలి మానస్ 14416 నంబరు చెప్పాను. 2022 అక్టోబరు నుంచి కేంద్ర ప్రభుత్వం నడుపుతున్నది, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడొచ్చు, ఏ వేళకైనా ఎత్తుతారు. అతను చేశాడో లేదో అడగలేదు.

ఇప్పుడు ఇంట్లో రాత్రులు ఆరున్నర గంటలు పడుతోంది. పెద్దవాళ్లకు ఏడు గంటలైనా ఉండాలంటారు, అంత దూరం రాలేదు. షెడ్డు రాత్రులు అయిదే, అదీ ముక్కలు ముక్కలుగా. సుంకాల వార్తలు పొద్దున టీ తాగుతూ చూసుకుంటున్నాను. రాత్రి చూసినా పొద్దున చూసినా రేటు అంతే ఉంటోంది.

మొన్న శివరాత్రికి ఊరంతా జాగారం. కుర్రాడు గుడికి పోతానంటే ఆ రాత్రి నా వంతు చేసుకున్నాను. గుళ్లో మైకు గుంటల దాకా వినబడుతోంది. పదకొండున్నరకు పడుకున్నాను, మా అవ్వ బతికుంటే నెత్తిన రెండు మొట్టేది. ఏదో వేళకు ఉలిక్కిపడి లేచాను. మైకు లేదు, చక్రాల చప్పుడు లేదు. చెప్పులు వెతుక్కోకుండా పోయి జనరేటర్ వేశాను, నాలుగు గుంటలూ టార్చి కొట్టి చూసుకున్నాను, రొయ్య అడుగునే ఉంది. తిరిగి వచ్చేసరికి గుడివాళ్లు కూడా వాళ్ల జనరేటర్ వేసినట్టున్నారు, పాటలు మళ్లీ మొదలయ్యాయి. పడుకుంటే పట్టలేదు. లేచి గట్టు మీద బస్తా పరుచుకుని కూర్చున్నాను. నోటుబుక్‌లో ఆ రోజు వరస ఇట్లా ఉంది: కరెంటు 2.10. జనరేటర్ 2.15. మంచం 2.35. గట్టు మీద మూడు దాటే దాకా. నిద్ర సుమారు 3.20. లేచింది 5.30.